ఉదయగిరి రూటు మస్తాన్ అడిగిన రొట్టె

2022 వేసవిలో నన్ను ఆత్మకూరు బ్రాంచికి మేనేజరుగా వేశారు. పార్సిల్ సర్వీసుల్లో తల నెరిసిన నాకు అదే ఆఖరి పోస్టింగు. కంపెనీ చిన్నది. జనం ఆన్‌లైన్‌లో కొన్న సరుకు తెల్లవారేసరికి నెల్లూరు గోడౌన్ నుంచి మా షెడ్డుకు వచ్చేది. దాన్ని రూట్ల వారీగా విడదీసి అనంతసాగరం, సోమశిల, మర్రిపాడు, ఉదయగిరి వైపు ఇళ్లకు చేర్చడం మా పని. పేరుకు మేనేజరునే గానీ, నిజానికి నేను చేసింది డ్రైవర్లను వెతకడం, దొరికినవాళ్లు మానేయకుండా చూసుకోవడం.

వెతకడానికి కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాను. లైసెన్సు చూసి డ్రైవర్‌ను తీసుకునేవాడు మోసపోతాడు. అతను బండిని ఎలా వాడతాడో తెలియాలంటే ఆ బండి క్లచ్ విప్పిన మెకానిక్‌ను అడగాలి. నేను అలాగే అడిగి తీసుకునేవాణ్ణి. అయితే ఇల్లలకగానే పండగ కాదు. మా డ్రైవర్లకు నెల జీతం లేదు, ఇంటికి చేర్చిన పార్సిల్‌కు ఇంత అని లెక్క. కొన్న మనిషి పొలంలో ఉండి ‘రేపు రా’ అంటే ఆ పార్సిల్ వెనక్కి రావలసిందే, దానికి డ్రైవర్‌కు దమ్మిడీ రాదు. కొత్తవాడు ఊళ్లు తెలియక సగం సరుకు తిరిగి తెచ్చి, డీజిల్ ఖర్చు చూసుకుని, నెల తిరక్కుండా బండి తాళాలు బల్ల మీద పెట్టేవాడు.

అందుకని ఎవరి సొంత ఊరి వైపు రూటు వాళ్లకే ఇవ్వడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం తన ఇంట్లో అన్నం తినే డ్రైవర్ అంత సులువుగా మానడని నా నమ్మకం. ఆ నమ్మకానికి మంచి సాక్ష్యం మస్తాన్.

మస్తాన్‌ది ఉదయగిరి. భార్య షమీమ్ ఇంటి దగ్గర కొయ్య గరిటెలు చెక్కేది. ఇతను మా ట్రాలీ ఆటో తోలేవాడు. దుర్గం కొండ కింద వీధుల్లో ఏ ఇంట్లో ఎవరు ఏ వేళకు ఉంటారో అతనికి తెలుసు. తాళం వేసి ఉంటే ఎదురింటి అవ్వకు అప్పజెప్పి వచ్చేవాడు. అతని రూటు నుంచి వెనక్కి వచ్చే సరుకు బహు తక్కువ. నెల్లూరు మీటింగుల్లో నేను అతని పేరు చెప్పి మీసం మెలేసేవాణ్ణి.

మరుసటి ఏడాది మొదట్లో మర్రిపాడు దాటాక గేదె అడ్డం వచ్చి ఆటో బోల్తా పడింది. మస్తాన్ కుడిచెయ్యి విరిగింది. ఏదైనా సాయం చేయమని నెల్లూరు ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆపరేషన్స్ హెడ్డు మర్యాదగానే చెప్పాడు. కంపెనీ లెక్కలో డ్రైవర్లు ఉద్యోగులు కారు, ‘డెలివరీ పార్టనర్లు’. పార్టనర్‌కు సెలవు జీతం ఉండదు, వైద్యం ఖర్చు ఉండదు. బండి తిరగని రోజుకు రాబడీ ఉండదు. నేను రెండుసార్లు వాదించాను. రెండోసారి ఆయన మర్యాద కూడా తగ్గింది. ఆ సంగతి మస్తాన్ ఇంటికి వెళ్లి చెబితే, కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని ‘సరే సార్’ అన్నాడు, అంతే. కట్టు విప్పగానే మళ్లీ బండెక్కాడు. విశ్వాసం అంటే ఇదీ అని కొత్త డ్రైవర్లకు చెప్పుకున్నాను.

ఆ ఏడాది మొహర్రం నెలలో నెల్లూరు రొట్టెల పండగకు వెళ్లాం. తెలియనివారికి చెప్పాలి. కోరిక ఉన్నవాళ్లు అక్కడి దర్గా పక్కనున్న చెరువు నీళ్లలో నిలబడి, అదే కోరిక తీరినవాళ్ల చేతినుంచి రొట్టె పట్టుకుంటారు. తమది తీరాక మరుసటి ఏడాది వచ్చి ఇంకొకరికి రొట్టె వదులుతారు. హిందువులూ ముస్లింలూ అందరూ వస్తారు. మా అమ్మాయికి నర్సు ఉద్యోగం రావాలని మా ఆవిడ అంతకుముందు ఏడాది రొట్టె పట్టింది. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మేము వదలాలి.

ఒక్కో కోరిక రొట్టెకు ఒక్కో చోట బోర్డు పెట్టి ఉంటుంది. ఉద్యోగ రొట్టె దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. నేను రొట్టె పైకెత్తగానే ఒక చెయ్యి ముందుకొచ్చింది. మణికట్టు దగ్గర కొంచెం వంకర తిరిగిన చెయ్యి. తలెత్తి చూస్తే నెత్తిన రుమాలు కట్టుకుని మస్తాన్, పక్కన షమీమ్.

“ఏంది మస్తాన్, నువ్వీడ? నీకు ఉద్యోగం ఉండాది గదా!” అన్నాను.

“యాడుండాది సార్? నాకుండేది పని. చెయ్యి ఇరిగినా పోకుండా ఉండేదాన్ని గదా ఉద్యోగం అనేది,” అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు.

“ఈయన మంచాన పడితే గరిటెలు చెక్కి ఎన్నాళ్లు సాకేది సార్?” అంది షమీమ్.

నాకు కోపం వచ్చింది. నా రూటును నా చేతులతోనే తెంపమంటున్నాడు. మా ఆవిడకు అతనెవరో తెలియదు. “అడిగినోళ్లకి లేదనగూడదు, ఇచ్చెయ్యండి,” అని మోచేత్తో పొడిచింది. ఇచ్చాను. మస్తాన్ సగం తుంచి షమీమ్‌కు పెట్టి, మిగిలింది అక్కడే నిలబడి తిన్నాడు. మర్నాడు పొద్దున మామూలుగానే వచ్చి లోడు ఎత్తుకున్నాడు.

సంక్రాంతి లోపల అతనికి కావలిలో ఒక ప్రైవేటు స్కూలు బస్సు దొరికింది. నెల జీతం, నియామక పత్రం. ఉదయగిరికి ఇద్దరిని పెట్టాను, ఇద్దరూ నిలవలేదు. ఆఫీసు ఆ రూటు తీసేసింది. ఉదయగిరి వాళ్లు సరుకు కోసం ఆత్మకూరు షెడ్డుదాకా రావలసి వచ్చింది. కొన్నాళ్లకు రావడమూ మానేశారు. ఆ వేసవిలో నేను రిటైరయ్యాను.

నిరుడు మోకాళ్ల నొప్పులకు ఆరోగ్య రొట్టె పట్టాలని మా ఆవిడ నన్ను మళ్లీ చెరువుకు తీసుకెళ్లింది. దారిలో ఉద్యోగ రొట్టె బోర్డు కింద ఆగాను. మస్తాన్ వచ్చి ఉంటే రొట్టె వదిలేవాళ్ల వైపు ఉంటాడని చూశాను. అతను పట్టేవాళ్ల వైపు ఉన్నాడు.

“స్కూలోళ్లు బస్సులన్నీ కాంట్రాక్టుకిచ్చేసినారు సార్. కతంతా మళ్లా మొదటికొచ్చినాది,” అన్నాడు. తర్వాత నా చేతుల వైపు చూసి, “మీ కాడ రొట్టె ఉండాదా సార్?” అని అడిగాడు.

లేదన్నాను. అతను పక్క మనిషి వైపు తిరిగాడు.

డ్రైవర్లను ఎలా నిలుపుకోవాలని ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. సొంత ఊరి రూటు, ఇంటి అన్నం, మంచి మాట మనిషిని కొంతకాలం ఆపుతాయి. చెయ్యి విరిగిన రోజున అతనికి ఏమి చెబుతారో తేల్చుకున్నాకే పనిలోకి తీసుకోండి అంటాను. ఆ జవాబు నా సర్వీసు మొత్తంలో నా దగ్గర లేదు.