చిన్నాన్న స్పోర్ట్స్ బైక్

ఇదొక వీరుడి మహాగాథ. కాదులెండి, మా బర్మామైన్స్ పేట సందులో మూడడుగుల ప్రయాణం.

మా చిన్నాన్న క్రేన్ ఆపరేటర్. ఏం చెప్పాలన్నా చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పేవాడు. వాళ్ల ఫ్యాక్టరీలో దానర్థం ‘బరువు లేపు’ అని. సైకిల్ తప్ప ఏదీ నడపని ఆయన ఏకంగా నాలుగు వందల సీసీ స్పోర్ట్స్ బైక్ కొన్నాడు.

“ముందు స్కూటర్ నేర్చుకో చిన్నాన్నా,” అన్నాను.

“ఇరవై టన్నులు లేపుతన్నాన్రా. ఇదేటి?”

విశ్వకర్మ పూజనాడు బండికి దండ వేసి, సందంతా చూస్తుండగా పిన్నిని వెనక ఎక్కించుకున్నాడు. ఆవిడ ముందు పరువు నిలవాలి. క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. బండి గెంతి, ఆగి, తీరిగ్గా పక్కకు ఒరిగింది. పిన్ని దిగిపోయింది. ఆయన దిగలేకపోయాడు.

బండి కింద నుంచి వేలు లేచి గుండ్రంగా తిరిగింది.

“లెగండి, ఆటోలో ఎల్దాం,” అంది పిన్ని.

ఇప్పుడు స్కూటర్ మీద డ్యూటీకి వెళ్తున్నాడు. సీటు కింద టిఫిన్ డబ్బా పట్టేస్తుంది.