గణపతి ఎక్కిన కాపలా ఓడ

మా ఇంట్లో నేను "ఆ ఓడ ఉందే..." అని మొదలెట్టగానే మా వారు టీవీ సౌండు పెంచుతారు. మా అత్తగారికి ఉన్నట్టుండి పొయ్యి మీది పాలు గుర్తొస్తాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే నా బతుకు.

ఇన్సూరెన్స్ ఆఫీసులో ఓడ సరుకుల విభాగం నాది. సరుకు తడిసిందనో, దారిలో పోయిందనో వచ్చే క్లెయిములు చూస్తాను. బందరులో పుట్టాను కాబట్టి సముద్రం తెలుసు గానీ, పెద్ద ఓడ ఎక్కిన పాపాన పోలేదు. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఏదో వెతుకుతుంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక ఓడ సర్వీసు చరిత్ర కంటపడింది. పాపం, సరుకులు మోసుకునే ఓడ. యుద్ధం రాగానే దాని నెత్తిన విమానాలు దిగే డెక్కు ఒకటి వేసి సముద్రం మీదికి తోలారు. మిగతా సరుకు ఓడల వెంట కాపలా నడవడం దాని పని. దొంగచాటుగా వచ్చే సబ్‌మెరైన్లను దాని విమానాలు పైనుంచి కనిపెట్టేవి. అసలైన యుద్ధనౌకల పక్కన అది పొట్టిది, నిదానస్థురాలు. అయినా నమ్ముకున్నవాళ్లను ఒడ్డుకు చేర్చేది. చదువుతూ చదువుతూ దాని మీద నాకు పిచ్చి ప్రేమ పుట్టింది. దాని కథ చివరిదాకా వినే మనిషి ఒక్కరు దొరికితే చాలని అప్పటినుంచీ నా కోరిక.

మాది ఎల్బీనగర్‌లో ఒక కాలనీ. వినాయక చవితికి ఒక్కో గల్లీ ఒక్కో రకం మండపం వేస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఎవరో రాకెట్ వేస్తున్నారని తెలిసి మా వాళ్లకు నిద్ర పట్టలేదు. మీటింగులో అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, ఇదే అదనని నా ఓడను బయటపెట్టాను.

మా కాలనీ ప్రెసిడెంటు గారు ఇక్కడి పాత ఊరి ఆసామి. ఒకప్పుడు వాళ్ల పొలాలు ఉన్నచోటే ఇప్పుడు మేమంతా ఉంటున్నాం. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "దేవుడు గా యుద్ధం ఓడల కూసొని ఏం జేస్తడు మేడమ్?" అన్నారు.

"అది కాపలా ఓడండీ. దారిలో ఆపదలు రాకుండా చూసేది. విఘ్నాలు తొలగించేవాడు కూర్చోడానికి అంతకంటే మంచి చోటు ఉంటుందా?" అన్నాను.

ఆయన మీసం కింద నవ్వు కదిలింది. "గట్లనా? అయితే కానీయ్‌రి."

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ మండపం వేసేవాళ్ల ప్రాణం తీశాను. దర్శనానికి ముందువైపు తెరిచి ఉంచుదామని వాళ్లు, ఓడకు ముక్కు లేకపోతే ఎలాగని నేను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చివరికి విగ్రహాన్ని క్రేన్‌తో పైనుంచి లోపలికి దించారు, దాని మీద డెక్కు బిగించారు, ముక్కు మూసేశారు. పక్కన అడ్డంగా కిటికీలాంటి ఖాళీ వదిలి అందులోంచి దర్శనం పెట్టాం. డెక్కు మీద అట్టతో చేసిన విమానాలు నిలబెట్టాం. రాకెట్ చూసినవాళ్లు కూడా మా ఓడ దగ్గర సెల్ఫీలు దిగారు. గర్వంతో నాకు ఆకలే వేయలేదు.

హారతి అయ్యాక మైకులో రోజూ కొంచెం కొంచెం ఓడ కథ చెప్పాను. పులిహోర కోసం వచ్చినవాళ్లు పులిహోర తిని వెళ్లిపోయేవారు. ప్రెసిడెంటు గారు మాత్రం కుర్చీలో కళ్లు మూసుకుని ఉండేవారు. కునుకు తీస్తున్నారనుకున్నాను. యుద్ధం ముగిసేదాకా చెప్పాను. ఆఖరి రోజు చెప్పాల్సిన ముక్క వానలో కొట్టుకుపోయింది.

నిమజ్జనం నాడు పొద్దున్నే లారీ వచ్చింది, క్రేన్ వచ్చింది, డప్పులు మొదలయ్యాయి. అప్పుడు గానీ మాకెవరికీ తట్టలేదు. పక్కనున్న ఖాళీలోంచి గణపతి తొండం తప్ప ఇంకేమీ బయటికి రాదు.

"గిప్పుడు దేవుడు ఎట్లొస్తడు మేడమ్?" అన్నారు ప్రెసిడెంటు గారు.

మండపం వేసినాయన గునపం తీశాడు. "ముక్కు కొట్టేస్తే అయిపాయె. గుంజుకొద్దాం."

నాకు ఒళ్లు మండిపోయింది. ముక్కుకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాను. "ముక్కు పగిలిందంటే ఓడ మునిగినట్టు! అంత యుద్ధంలో మునగని ఓడ మన గల్లీలో మునుగుతుందా?" అన్నాను. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. అక్కడున్నవాళ్లు నవ్వారు. ఒక ప్లైవుడ్ ముక్క కోసం ఏడుస్తున్న ఆడమనిషిని చూస్తే ఎవరైనా నవ్వుతారు. నవ్వనిది ప్రెసిడెంటు గారొక్కరే.

"గునపం కింద పెట్టు," అని ఆయన నా వైపు తిరిగారు. "మునగలేదంటున్నవు గదా మేడమ్. మరి లడాయి అయినంక గా ఓడ ఏమాయె? నిన్న వానల ఆపేసినవ్. గప్పటిసంది అడుగుదామనే జూస్తున్న."

ఆ కళ్లు మూసుకున్న మనిషి అంతా విన్నారు!

"నెత్తి మీది డెక్కు తీసేశారండీ," అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "మళ్లీ సరుకు ఓడను చేసి పంపించేశారు."

ఆయన పంచె ఎగ్గట్టి అందరికంటే ముందు నిచ్చెన ఎక్కారు. "ఇన్నరా? డెక్కు తియ్యుండ్రి!"

మగవాళ్లు మేకులు ఊడదీశారు. విమానాలను ఆడవాళ్లం ఒడిలో పట్టుకున్నాం. మా వారు కూడా ఓ పలక భుజాన వేసుకుని దిగారు. వచ్చిన దారినే, పైనుంచి, గణపతి నిదానంగా లేచాడు. "గణపతి బప్పా" అని ఎవరో అరిస్తే "మోరియా" అని నేను అరిచిన అరుపుకు మా అత్తగారు ఉలిక్కిపడ్డారు. ఊడదీసిన డెక్కు పలకలు పరిచి వాటి మీదే అన్నదానం వడ్డించారు. ఓడ మాత్రం ముక్కుతో సహా గల్లీలో నిలబడి ఉంది.

లారీ కదులుతుంటే ప్రెసిడెంటు గారు నాకు చెయ్యి అందించారు. "ఎక్కు మేడమ్. మళ్ల సరుకు ఓడైనంక ఏడేడ తిరిగిందో, చెరువు దాక చెప్పు."

కొత్తపేట మీదుగా సరూర్‌నగర్ చెరువు దాకా చెబుతూనే ఉన్నాను. డప్పుల హోరులో నా మాట నాకే వినిపించలేదు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఊ కొడుతూనే ఉన్నారు.