వైవాలో నేను గెలిచిన వాదన

ఏళ్లుగా ఒక అబద్ధం నాలో బరువుగా పడి ఉంది. దానికి పశ్చాత్తాపమనే మర్యాదైన పేరు పెట్టను. అది అసహ్యం, నా నాలుక మీద నాకున్న అసహ్యం. మీరెవరో నాకు తెలియదు కనుకే చెప్పగలుగుతున్నాను.

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో మాస్టర్స్ చేస్తున్నప్పుడు కంప్యూటర్ ఆర్కిటెక్చర్ ల్యాబ్‌లో నా జోడీ స్వప్న, కరీంనగర్ అమ్మాయి. ఇద్దరం కలిసి ఒక చిన్న ప్రాసెసర్ డిజైన్ చేయాలి. అందులో ఒక ఆదేశం పూర్తి కాకముందే తర్వాతిది మొదలవుతుంది. మెమరీ నుంచి విలువ రాకముందే తర్వాతి ఆదేశం దాన్ని వాడబోతే, దాన్ని ఒక్క క్లాక్ టిక్కు పాటు ఆపాలని స్వప్న అంది. అక్కర్లేదన్నాను. ఎందుకు? తెలిసి కాదు. కాలేజీ డిబేట్లలో ఏ పక్షమిచ్చినా గెలిపించడం నేర్చినదాన్ని. తడబడుతూ మాట్లాడే మనిషి ముందు ఓడడం నాకు అవమానం. వేగం గురించి గంభీరంగా ఉపన్యసించాను. ఆమె విసిగి, అలా ఆపడానికి తాను రాసిన భాగాన్ని తీసేసింది.

వైవాలో మా ప్రాసెసర్ తప్పు జవాబిచ్చింది. కారణమేమిటని లెక్చరర్ అడిగాడు. స్వప్న ఇంగ్లిష్ మాటలు కూడదీసుకుంటోంది. ఆ వ్యవధి చాలింది నాకు. ఆమె చెప్పిన కారణాన్నే నాదిగా, ఆమె కన్నా అందంగా వివరించి, తప్పు జరిగిన భాగం స్వప్నదనీ, నేను హెచ్చరించినా వినలేదనీ చేర్చాను. ఆయన తల ఊపాడు. ధారాళంగా మాట్లాడడమే జ్ఞానమనుకునే ఆ తల మీద నాకు గౌరవం లేదు. కానీ దాన్ని మోసగించింది ఎవరు?

బయట కారిడార్‌లో స్వప్న నన్ను ఆపింది.

"అక్కా, గది నేను చెప్పిన ముచ్చటనే గదా? సార్‌కు ఒక్క మాట చెప్పరాదా? నేను ఫెయిలైత."

"వైవా అయిపోయింది స్వప్నా. ఇప్పుడు మాట మారిస్తే ఇద్దరం పోతాం. నువ్వు అప్పుడే మాట్లాడాల్సింది."

"నువ్వు మాట్లాడనిచ్చినవా?"

ఆమె ఫెయిలైంది. ఆ సబ్జెక్టు మళ్లీ రాయాల్సి వచ్చింది. నేను ఆ మార్కులతోనే లండన్ దగ్గర స్లౌ అనే ఊళ్లో ఉద్యోగం సంపాదించాను. ఎంత స్పష్టంగా వివరిస్తావో అని మీటింగుల్లో అందరూ మెచ్చుకుంటారు. వాళ్లను చూస్తే జాలి కూడా కలగదు, తిరస్కారమే. న్యాయం గురించి వేదికల మీద గొంతు చించుకున్న నన్ను చూస్తే అంతకంటే ఎక్కువ.

స్వప్నకు క్షమాపణ రాశానా? లేదు. రాస్తే అదీ ఒక వాదనలా, నాకు అనుకూలంగా, చక్కగా తయారవుతుంది. అందుకే ఇక్కడ అలంకారం లేకుండా చెబుతున్నాను. ఆమె చెప్పింది సరైనది. వైవా గదిలో ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అబద్ధమాడాను.

ఊపిరి కాస్త ఆడుతోంది. దీనివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.