జొన్నపిండి అంటిన అరచేయి

కాశమ్మ చేతులకు ఎప్పుడూ చేపల వాసన ఉండేది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు మీద బతికే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కోడలై, మగడు పోయాక వల తానే భుజాన వేసుకున్న మనిషి. బూడిదతో ఎంత తోమినా పోని ఆ వాసన ఆమె ముక్కుకు మాత్రం తెలిసేది కాదు. ఉడుతకు తెలిసేది.

ఆ ఉడుతపిల్ల ఇంటికప్పులోంచి రాలిపడింది, రజాకార్లు ఊళ్ల మీద పడి తిరుగుతున్న వానకాలంలో. దాన్ని చేరదీసింది ఆమె తమ్ముడు బుగ్గయ్య. దొర గడీకి ఊరికే చేపలు పోసేది లేదని సంఘంలో చేరినందుకు వాళ్లు అతని కోసం వెతుకుతున్నారు. పగలంతా అతను అక్క ఇంట్లో పాత గుమ్మిలో దాక్కునేవాడు. తడక అల్లి, పేడమట్టి మెత్తిన నిలువెత్తు గుమ్మి అది. ఎన్నడో గింజలు పోసుకున్నది. గింజలు తీయడానికి అడుగున ఉన్న బొక్కలోంచే కాశమ్మ అతనికి రొట్టె అందించి, మళ్లీ గుడ్డపేలిక కుక్కేది.

చీకట్లో పనిలేని బుగ్గయ్య ఆ బొక్క దగ్గర నూకలు పోసి, చెయ్యి కదపకుండా కూర్చునేవాడు. మొదట్లో ఉడుత నూక అందుకుని పారిపోయేది. తర్వాత అతని వేళ్ల పక్కనే కూర్చుని తినసాగింది. పోనుపోను పేలిక తానే గుంజేసి లోపల దూరి, అతని మోచేతి మడతలో పడుకునేది.

కాశమ్మకు కంటిమీద కునుకు లేకుండా చేసింది అదే. పరాయివాళ్లు ఇంట్లో ఉండగా ఉడుత పోయి పేలిక గుంజిందంటే తమ్ముడు దక్కడు.

"దీన్ని కట్ట అవుతల ఇడిసొస్త," అంది ఒకనాడు.

"ఇడువకే అక్కా. దినమంత నాకు తోడున్నది గదొక్కటే," అన్నాడు గుమ్మిలోంచి.

"నన్ను కరిసింది గద."

"పైనుంచి చెయ్యి తెస్తివి. గద్ద అనుకున్నది. అరచెయ్యి కింద వెట్టి ఊకె ఉండు. అదే వస్తది."

"వెట్టిన. వాసన జూసి ఉరికింది."

"చెరువంత నీ చేతులమీదనే ఉన్నదాయె. జర పిండి రాసుకో."

"తమ్మున్ని దాసుడు సాలదని, ఇగ ఉడుతకోసం సింగారమా," అని గొణిగింది గానీ, రాసుకుంది. ఉడుత వచ్చి వేలికొస ముట్టి, వెనక్కి తగ్గింది. అంతకుమించి రాలేదు.

రజాకార్లు చెరువుకట్ట మీద కాపు కాస్తుండడంతో కాశమ్మ వల ముట్టడం మానేసింది. చేతుల మీది చేపల వాసన పల్చబడింది. ఇంట్లో జొన్నలు విసురుతున్న పొద్దున తలుపు ధన్‌మని తెరుచుకుంది. ఇద్దరు. ఒకడి చేతిలో తుపాకి, ఒకడి చేతిలో బరిసె.

"నీ తమ్ముడేడి?"

"ఎటువోయిండో నాకెర్క లేదు."

బరిసెవాడు కప్పులో పొడవసాగాడు. ఆ అదురుకు ఉడుత గుంజ మీదుగా దిగి, నేరుగా గుమ్మి అడుగుకు పోయి పేలిక పట్టుకుంది. తుపాకివాడి తల అటు తిరిగింది.

కాశమ్మకు దాని మీద పడి పట్టుకోవాలనిపించింది. పడితే అది బొక్కలోకే దూరుతుంది. విసుర్రాయి వదిలి, పిండి చేతిని నేలమీద వెల్లకిలా పెట్టింది. మోచేతిని కదలకుండా నేలకు అదిమి పట్టింది.

పేలిక సగం బయటికొచ్చింది. ఉడుత ఆగి, ముక్కు ఆడించింది. వెనక్కి తిరిగి, వేలికొస దాకా వచ్చి నిలబడింది. ఆమె కదల్లేదు. ఉడుత అరచేతిలోకి ఎక్కి పిండి నాకసాగింది.

"మస్తు మచ్చిక జేసినవే," అన్నాడు తుపాకివాడు. వంగి, పైనుంచి చెయ్యి చాపాడు.

కరుస్తుందని చెప్పాలా వద్దా అనుకుంది కాశమ్మ. చెప్పలేదు.

ఉడుత వాడి వేలు కసుక్కున కొరికి, గడప దాటి దూకింది. వాడు తిట్టుకుంటూ తుపాకి పట్టుకుని వెంటబడ్డాడు. "సర్కారు మీదికి ఉడుత గూడ తిరగబడ్డదా," అని నవ్వుతూ బరిసెవాడూ బయటికి పోయాడు. పోతూ దండెం మీది ఎండుచేపల దండ ఎత్తుకుపోయాడు.

ఉడుత మళ్లీ రాలేదు. బొక్కలోంచి బుగ్గయ్య చెయ్యి, నూకలతో, రోజూ బయటికి వచ్చేది. కాశమ్మ చూసీ చూడనట్టు ఉండేది.

యూనియన్ మిలట్రీ పట్నం చేరిందనీ, నిజాం లొంగిపోయాడనీ తెలిసిన రోజు వాడకట్టు వాడకట్టంతా ఆ ఇంట్లో పడింది. పిలిచినా బుగ్గయ్య బయటికి రాకపోతే గుమ్మి పగలగొట్టారు. వెలుగుకు కళ్లు మూసుకుని అతను గోడకు ఒదిగాడు. ఎత్తుకుని ఊరేగిద్దామని పక్కింటి చెన్నయ్య అతని భుజాల మీద చేతులు వేయబోతే, బుగ్గయ్య ఇంకా ముడుచుకున్నాడు.

"జరుగుండ్రి అన్నా. మీద వడకుండ్రి," అంది కాశమ్మ.

అందర్నీ గడప బయటికి పంపింది. తమ్ముడికి ఎడంగా నేలమీద కూర్చుని, అరచెయ్యి వెల్లకిలా పెట్టింది. బయట డప్పులు మోగుతున్నాయి. ఆమె చెయ్యి కదపకుండా కూర్చుంది, తమ్ముడు తానే వచ్చేదాకా.