ఎక్స్‌రే గదిలో మునిశేఖర్ చెప్పిన మాట

2023 వేసవి. తిరుపతికి దగ్గర్లో ఒక ప్రభుత్వాసుపత్రిలో రేడియోగ్రాఫర్‌గా, అంటే ఎక్స్‌రే తీసేవాడిగా పనిచేస్తున్నాను. కొందరి చీటీల మీద ఎర్ర సిరాతో ఎం.ఎల్.సి. అని ఉంటుంది. ఆ గాయం వెనక పోలీసు కేసు ఉందని దానర్థం. ఆ ఫిల్మ్ కోర్టు దాకా వెళ్లొచ్చు కాబట్టి పేరు, కుడి ఎడమల గుర్తు ఒకటికి రెండుసార్లు చూసుకుంటాం.

ఆ మధ్యాహ్నం ఒకే ఇంటి నుంచి అలాంటి చీటీలు రెండు వచ్చాయి. పేర్లు మార్చి చెబుతున్నాను. మునిశేఖర్ ఏర్పేడు దగ్గర ఒక పల్లెలో కొయ్యబొమ్మలు చెక్కుతాడు. రేవతి అతని భార్య. భర్త కొట్టాడని పొద్దున స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చింది. ఆమె మణికట్లు రెండూ కమిలి ఉన్నాయి. ముందు ఆమెకే తీశాను. ఎముకలు బాగానే ఉన్నాయి.

తర్వాత అతన్ని కానిస్టేబుల్ తీసుకొచ్చాడు. "చెయ్యి నొప్పంట. ఆడమనిషిని కొట్టేటప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చింది," అన్నాడు. నేనూ నవ్వాను. మా అక్కను మొగుడు కొడుతున్నాడని మూడుసార్లు స్టేషన్‌కు వెళితే, మూడుసార్లూ సర్దుకుపొమ్మని పంపించారు. ఆ కోపం నాలో ఇంకా చల్లారలేదు. పక్కనుంచి తీసే ఫిల్మ్ కోసం మునిశేఖర్ ఎడమచేతిని చెప్పకుండానే గట్టిగా తిప్పాను. అతను అరవలేదు, పళ్లు బిగబట్టాడు.

ఫిల్మ్ స్క్రీన్ మీద చూశాను. ముంజేతిలో చిటికెనవేలి వైపు ఉండే ఎముక, అల్నా, నడుమ విరిగి ఉంది. కింద పడితే ఎక్కువగా మణికట్టు దగ్గర విరుగుతుంది. ఇదొక్కటే ఇలా విరిగిందంటే, మీదికొచ్చే దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టి ఉంటారని అనుమానించాలి. డిఫెన్స్ ఇంజురీ అంటాం.

రేడియేషన్‌కు భయపడి కానిస్టేబుల్ బయటే ఉన్నాడు.

"ఎట్ల తగిలింది?" అన్నాను.

"జారి పడినాను సార్."

"పడితే ఇట్ల విరగదప్పా."

"చెక్కదిమ్మెతో కొట్టింది సార్. ఇంకోటి పడకుండా ఎట్లనో ఆమె చేతులు పట్టుకున్నాను. ఆ కమిలిందంతా అదే."

"స్టేషన్లో చెప్పలేదా?"

"పెండ్లాం కొట్టిందని యాడ సెప్పుకునేది? నవ్వుతారు. నమ్మితే ఆమె మీద కేసు పెడతారు. పాపకు మూడేండ్లు సార్."

ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్రగాయం. నేను నోరు మూసుకుంటే అతను లోపలికి పోవచ్చు, తెరిస్తే ఆమె పోవచ్చు. అతను అబద్ధమాడుతున్నాడేమో. ఆమె ఎన్నేళ్లుగా దెబ్బలు తింటోందో ఆ ఫిల్మ్ చెప్పదు. బయటికొచ్చాను.

వరండాలో బెంచీ మీద రేవతి, ఆమె అన్న కూర్చుని ఉన్నారు. ఆమె లేచి నిలబడింది.

"అన్నా, ఆయన చెయ్యి విరిగిందా?"

"విరిగిందమ్మా."

ఆమె గోడకు ఆనుకుంది. "అంత తగుల్తాదనుకోలేదు."

"నువ్వేం మాట్లాడబాక," అన్నాడు ఆమె అన్న.

డ్యూటీ డాక్టరు మేడం దగ్గరికెళ్లి చూసిందీ విన్నదీ చెప్పాను. ఆమె అందరినీ బయటికి పంపి ఇద్దరినీ విడివిడిగా పిలిచారు. లోపల జరిగింది తర్వాత చెప్పారు. మునిశేఖర్ మళ్లీ జారిపడ్డాననే అన్నాడట. రేవతి మాత్రం కాసేపు ఏడ్చి, "కొట్టింది నేనే మేడం. రోజూ తిట్లు. ఈ పొద్దు నన్ను తోసినాడు. చేతికి అందింది తీసుకోని కొట్టినాను," అందట. మేడం ఎవరి మాట వాళ్ల పేరు కిందే రిజిస్టర్లో రాశారు.

"ఇప్పుడు ఇదంతా ఎందుకు మేడం? ఆమె ఫిర్యాదు ఉండాది కదా," అని కానిస్టేబుల్ సణిగాడు.

"గాయం ఎవరిదైనా నేను చూసింది రాస్తాను," అన్నారామె.

చివరికి ఇద్దరి మీదా కేసులు నమోదయ్యాయి. ఇంకా కోర్టులో నడుస్తున్నాయి. ఆరు వారాల తర్వాత ఎముక అతికిందో లేదో చూపించుకోవడానికి మునిశేఖర్ వచ్చాడు. అతికింది కానీ, కొయ్యను బిగించి పట్టుకోలేకపోతున్నానన్నాడు. రేవతి, పాప పుట్టింట్లో ఉన్నారు. అతను ఆదివారాలు పోయి పాపను చూసి వస్తున్నాడు. ఆ రోజు చెయ్యి అలా తిప్పడం నా తప్పేనని చెప్పాను.

"మీరొక్కరేనా సార్," అన్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

అప్పటినుంచి ఎం.ఎల్.సి. చీటీతో ఎవరొచ్చినా, ఆడైనా మగైనా, వెంట వచ్చినవాళ్లను బయట ఉండమంటాను. నొప్పి ఎక్కడో, ఎలా తగిలిందో అడిగాకే చెయ్యి వేస్తాను. ఈ కేసు నాకు నేర్పింది అంతే. ఆ రోజు నేను నోరు తెరవడం ఆ పాపకు మేలు చేసిందో, తల్లినీ తండ్రినీ చెరో గడపకు చేర్చిందో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.