హోటలు గదిలో పేర్చిన బతుకమ్మ

ఈ సంగతి నేను పెళ్లిళ్లలో చెప్పాను, పురుళ్లలో చెప్పాను, దినాల దగ్గర కూడా చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. విన్నట్టే విని, నా విస్తట్లో ఇంకో గారె వేసి, మాటను వానల మీదికో పంటల మీదికో మళ్లించారు. చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది గనక ఇప్పుడు రాస్తున్నాను. మొన్న మహబూబ్‌నగర్ బస్టాండు ముందు ఒకామె ప్లాస్టిక్ సంచుల్లో తంగేడు పూలు పెట్టుకొని అమ్ముతున్నది. ఎండకు వడిలిన ఆ పూల వగరు వాసన, పచ్చి ఆకును గోటితో నలిపితే వచ్చే వాసన, దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డది. పొద్దున కోసినవేనని ఆమె చెప్పింది. నేను నమ్మలేదు. ఎవరైనా తాజా అన్నప్పుడు నేను ముందు తొడిమె చూస్తాను.

మా ఊరు మక్తల్ పక్కన. వానలు వెనుకపట్టు పట్టి, జొన్న కంకి పాలు పోసుకునే వేళకు, చెలకల గట్ల మీద గునుగు తెల్లగా తలలెత్తే నాటికి, మా పిల్లల మందకు బడి గుర్తుండేది కాదు. పీర్ల పండుగలో నిప్పుల గుండం చుట్టూ ఎగిరిన కాళ్లే, బోనాలనాడు వేపాకు పట్టుకొని ఉరికిన కాళ్లే, చిర్రగోనె ఆటలో చెక్కుకుపోయిన మోకాళ్లే బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్య వచ్చేసరికి గట్లెక్కి గునుగు వెంట పడేవి. మంచుకు తడిసిన పూలను కోసుకొని, మోపులు కట్టి, నెత్తిన పెట్టుకొని వస్తుంటే మెడ మీద నీళ్లు కారేవి. ఇంట్లో అమ్మ గులాబీ రంగును, ఆకుపచ్చ రంగును ముంతల్లో కలిపి, గునుగు కట్టలను ముంచి, గోడకు తలకిందులుగా ఆరబెట్టేది. పొయ్యి మీద నువ్వులు చిటపటలాడేవి. సత్తుపిండి విసిరే వాసన వీధి మలుపు దాకా వచ్చేది. రొట్టె, బెల్లం కలిపి దంచే మలీద ముద్ద కోసం రోలు దగ్గరే కూర్చున్న నాకు ఎప్పుడూ అందరికంటే చిన్న ముద్దే దక్కేదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఎవరినీ తేలిగ్గా నమ్మే మనిషి కాదు. కోమటి కొట్టు నుంచి నూనె తెస్తే అరచేతిలో చుక్క వేసుకొని వాసన చూసేది. పాలామె చెంబు వంచేటప్పుడు కళ్లు చెంబు మీద కాదు, ఆమె మొహం మీద పెట్టేది. నాకు ఈ అనుమానం గుణం ఆమె నుంచే వచ్చిందని ఇంట్లో ఎత్తిపొడుస్తారు. వస్తే వచ్చింది. ఆ ఇంటికి బతుకమ్మ ఆనవాయితీని కాపాడింది కూడా ఆ గుణమే. కోడలు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో, ఏ చూరు కింద పడుకుంటే ఆ చూరు కింద తొమ్మిదోనాడు సద్దుల బతుకమ్మ ఎత్తాలని ఆమె కట్టడి. ఒక ఏడు తప్పితే ఆ ఇంటికి బతుకమ్మ లేనట్టే.

నేను చిన్న పిల్లగాడిగా ఉన్నప్పుడు ఒక ఏడు మా చిన్నాయనకు, నాయిన తమ్ముడికి, సంబంధం కుదిరే సూచన కనిపించింది. ఆయన హైదరాబాదులో గుమస్తా. యాభై ఆరులో ఏర్పడ్డ కొత్త రాష్ట్రానికి ఆ పట్నమే రాజధాని అయిన తొలినాళ్లు. ఆఫీసుల్లో మన మాట మాట్లాడితే నవ్వుతారని ఆయన సెలవుల్లో ఊరొచ్చినప్పుడు కూడా పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. పిల్ల తల్లిదండ్రులకు దసరా సెలవులే వీలన్నారు. చిన్నాయన స్నేహితులతో కలిసి ఒకే గదిలో ఉండేవాడు గనక మా కోసం మూసీ ఒడ్డున, అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక హోటల్లో గది కిరాయికి తీసుకున్నాడు. అవ్వ రాలేదు. మేం బయల్దేరేటప్పుడు అమ్మ చేతిలో బతుకమ్మ పేర్చే ఇత్తడి సిబ్బి పెట్టి, ఏం చెప్పాలో కళ్లతోనే చెప్పింది.

మక్తల్ నుంచి బస్సులో మహబూబ్‌నగర్, అక్కడి నుంచి బొగ్గు రవ్వలు కళ్లలో పడే రైలులో కాచిగూడ. తంగేడు, గునుగు తడిబట్టలో చుట్టి వెదురు గంపలో పెట్టి అమ్మ ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే, ఎదురుగా ఉన్న పెద్దమనిషి అది మేకలకా అని అడిగాడు. అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. ఆయన దిగిన స్టేషను పేరు కూడా నాకు గుర్తుంది.

హోటలు మేనేజరు మమ్మల్ని చూడక ముందు మా గంపను చూశాడు. నేల తడి చేయకూడదన్నాడు. పక్క వాళ్లకు పింగాణీ కప్పులో ఇచ్చిన చాయ్ నాయినకు గ్లాసులో ఇచ్చారు. నాయినకు పట్టలేదు, నాకు పట్టింది. మాది మేడ మీద గది, వెనక మెట్లు దిగితే ఒకవైపు వంటింటి చెత్తకుప్ప, ఇంకోవైపు నది. కిటికీ తెరిస్తే మూసీ కనిపించేది. నది అని విని ఏదో అనుకున్నాను. రాళ్ల మధ్య సన్నగా పారే నీళ్లు, ఒడ్డున చాకళ్లు ఆరేసిన తెల్ల దుప్పట్లు, గాలి ఇటు తిరిగితే బురద వాసన. కింద వంటింటి నుంచి మాడిన ఉల్లిగడ్డ వాసన. పక్కగదిలో ఒక బట్టల వ్యాపారి. మా తలుపు ముందు నుంచి పోయినప్పుడల్లా లోపలికి చూసేవాడు. నేను గంపను మంచం కిందికి నెట్టి దాని ముందే కూర్చున్నాను.

సద్దులనాడు మధ్యాహ్నం అమ్మ గది మధ్యలో చాప పరిచి బతుకమ్మ పేర్చింది. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, వాటి మీద తంగేడు, తంగేడు మీద గులాబీ గునుగు, దాని మీద బంతి, మళ్లీ పచ్చ గునుగు, ఒక్కో వరుసా లోపలికి జరుపుకుంటూ, మధ్యలో తరిగిన ఆకులు కుక్కుకుంటూ పైకి లేపింది. కాడలు సమంగా తెంపి అందించడం నా పని. శిఖరాన గుమ్మడి పువ్వు, దానిలో పసుపుతో చేసిన గౌరమ్మ. హోటలు గది గోడలకు సున్నం పెచ్చులు లేచి ఉన్నాయి గానీ, ఆ కాసేపట్లో అది మా ఇల్లే అయింది. అప్పుడే చిన్నాయన వచ్చాడు. గడపలోనే ఆగాడు.

"వదినా, ఇదంతా ఇక్కడ అవసరమా? వాళ్లు ఈ రోజే వస్తున్నారు. చూస్తే ఏమనుకుంటారు?"

అమ్మ తలెత్తకుండానే అన్నది. "ఏమనుకుంటరు నర్సిమ్మా, పూలనుకుంటరు."

నాయిన ఫక్కున నవ్వాడు. చిన్నాయన నవ్వలేదు. పొద్దు వాలగానే అమ్మ మూసీ ఒడ్డుకు పోయి అక్కడి ఆడవాళ్లతో ఆడి వస్తుందని, అంతవరకే ఓపిక పట్టమని నాయిన సర్దిచెప్పాడు.

అంతలో పిల్ల తల్లిదండ్రులు వచ్చారని కింది నుంచి కబురు. పైకి తీసుకురావడం చిన్నాయనకు ఇష్టం లేదు. కింద భోజనాల హాల్లోనే కూర్చుందామన్నాడు. మమ్మల్ని ముందు పొమ్మన్నాడు, తాను తాళం వేసి వస్తానన్నాడు. మేం దిగాం. పిల్ల తండ్రి మెత్తటి మనిషి, మా వైపు వానలెట్లా ఉన్నాయని అడిగాడు. పిల్ల తల్లి అమ్మ పక్కన కూర్చుంది. ఆమె ఒళ్లో ఆకులో చుట్టిన పొట్లం ఉంది. మాటిమాటికీ మెట్ల వైపు చూస్తూ ఆ పొట్లాన్ని సర్దుకుంటుంది గానీ విప్పదు. అందులో మిఠాయి ఉందని, నేనున్నానని విప్పడం లేదని నాకు గట్టి అనుమానం. చిన్నాయన చాలాసేపటికి వచ్చాడు. చేతులు తడిగా ఉన్నాయి. అంగీ చేతి అంచున గులాబీ మరక.

"చిన్నాయనా, నీ చేతికి గా రంగేంది?" అన్నాను.

"ఇంకు. ఆఫీసు ఇంకు," అన్నాడు. నాయిన నన్ను తొడ మీద గిల్లాడు. గులాబీ ఇంకుతో రాసే ఆఫీసు ఎక్కడుందని నేను ఆనాటి నుంచి వెతుకుతున్నాను.

వాళ్లను సాగనంపి పైకి వచ్చేసరికి గది ఊడ్చి ఉంది. సిబ్బి కడిగి గోడకు ఆనించి ఉంది. బతుకమ్మ లేదు.

ముందు మేనేజరు మీద పడ్డాం, అతని దగ్గర రెండో తాళం చెవి ఉంటుందని చిన్నాయనే గుర్తుచేశాడు. మా హోటల్లో ఎవరూ గడ్డి దొంగతనం చేయరని మేనేజరు నాయిన మొహం మీదే అన్నాడు. నేను బట్టల వ్యాపారి గదిలోకి తొంగి చూశాను. బట్టల మూటలు తప్ప ఏమీ లేవు. ఊడ్చే మనిషి ఆ పూట రానేలేదట. అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. చెప్పకుండా తీసిన చేయి ఏదో ఆమెకు తెలుసునని నాకు అప్పుడే అనిపించింది. కిటికీ దగ్గర నిలబడ్డది. కింద మూసీ ఒడ్డున పట్నం ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతున్నారు, చప్పట్లు ఒక్క పెట్టున పైకి వస్తున్నాయి. అమ్మ అరచేతులు ఒకదానికొకటి దగ్గరికి వచ్చి, చప్పుడు చేయకుండా ఆగిపోతున్నాయి. సద్దులు మాకు పెట్టింది. చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల అన్నం. తాను తినలేదు. "ఎవ్వలు తీసిన్రో గౌరమ్మకెరుక," అని మాత్రం అన్నది.

ఊరికి వచ్చాక అవ్వ మొత్తం విన్నది. ఒకే మాట అడిగింది.

"ఎటు పోయింది? నీళ్లల్ల పడ్డదా, కుప్పల పడ్డదా?"

ఎవరికీ తెలియదు. నీళ్లలో పడితే ఆడకపోయినా సాగనంపినట్టే, ఆనవాయితీ నిలుస్తుంది. కుప్పలో పడితే తెగినట్టే. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఇంట్లో ఆడపిల్ల పుట్టేదాకా మళ్లీ ఎత్తకూడదు. తెలియనప్పుడు తెగిందనే అనుకోవాలని అవ్వ తేల్చింది. ఆ తర్వాత అమ్మకు ఇద్దరు మగపిల్లలే పుట్టారు. చిన్నాయన బిడ్డ ఉగాది ముందు పుట్టింది. అమ్మ ఏటా సద్దులనాడు గునుగుకు రంగు వేసి పక్కింటివాళ్లకు ఇచ్చేది. తాను గడపలో నిలబడి చూసేది. బతికినన్నాళ్లూ అంతే.

అమ్మ దినాలనాడు చిన్నమ్మ, అంటే ఆనాడు కుదిరిన పిల్లే, నా పక్కన కూర్చొని మాటల్లో ఒక సంగతి చెప్పింది. వాళ్ల ఇంట్లో ఏనాటి నుంచో బతుకమ్మ లేదట. పల్లె నుంచి వచ్చిన, తన బిడ్డకు కాబోయే తోటికోడలు బతుకమ్మ పేరుస్తుందని విని, చూద్దామనే వాళ్లమ్మ ఆ హోటలుకు వచ్చిందట.

"అక్క బతుకమ్మల పెడదామని చామంతులు గూడ తెచ్చింది మా అమ్మ. పైకి పోతమంటే మీ చిన్నాయన గది మంచిగ లేదన్నడు. గా పూలు ఇంటికి పట్కొచ్చి దేవుని దగ్గర పెట్టింది," అన్నది.

అప్పుడు చిన్నాయన అవతల నిలబడి ఉన్నాడు. విన్నాడు. చెప్పులు తొడుక్కొని బయటికి పోయాడు.

ఆ హోటలు ఇప్పుడు లేదు, చెప్పుల దుకాణాలు వచ్చాయి. మా చెలకల్లో పత్తి వచ్చింది. గట్లు దున్నేశారు, గునుగు లేదు. సత్తుపిండి పాకెట్లలో దొరుకుతుంది. చిన్నాయన మాత్రం ఉన్నాడు, ఆరోగ్యంగానే ఉన్నాడు. ఏటా ఆయన ఉండే కాలనీలో బతుకమ్మ నాడు ఆయనకు శాలువా కప్పుతారు. ఆయన మైకు పట్టుకొని మన పండుగ, మన భాష అంటాడు, ఇప్పుడు అచ్చం మన మాటల్లోనే. జనం చప్పట్లు కొడతారు. ఆనాడు ఆయనే తీశాడని నేను అనుకుంటున్నాను. చూడలేదు గనక అంతకంటే అనను.

మా కోడలు ఏటా అడుగుతుంది, మామా ఈసారైనా ఎత్తుకోవచ్చునా అని. ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలియదు. తెలిసినవాడు ఒక్కడే.

చిన్నాయనా, నేను నిన్ను తప్పు ఒప్పుకొమ్మని అడగడం లేదు. ఆ వెనక మెట్లు దిగి ఎటు మళ్లావు, నది వైపా, వంటింటి వెనక కుప్ప వైపా? నీళ్లలో వేశావా, లేదా? ఈ పెత్రమాస లోపల చెప్పు.