యూరియా పడని మూల

మొన్న సత్తెమ్మక్క ఫోన్ చేసింది. "చెల్లె, గా మూల అమ్మేద్దామంటుండు మీ బావ. ఒక్కసారొచ్చి మన్ను చూసిపో." ఎమ్మెస్సీలో మట్టి సూక్ష్మజీవుల ప్రాజెక్టు కోసం నెల రోజులు ఇబ్రహీంపట్నంలో ఆమె ఇంట్లో తిని, ఆమె చేలోనే తిరిగినదాన్ని. ఆ జొన్నరొట్టెలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు అటే లాగుతుంది. కాదనగలనా?

పొద్దున ఏడింటికి ఎల్బీనగర్‌లో సాగర్ రోడ్డు బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్టే, ఆధార్ మరవకండి. మన్నెగూడ దాకా ఒకప్పుడు చేలు చూస్తూ కూర్చున్న కిటికీలోంచి ఇప్పుడు ప్లాట్ల బోర్డులు చూశాను. ఎనిమిదిన్నరకు ఇబ్రహీంపట్నంలో దిగి, ఇరవై రూపాయలకు షేర్ ఆటో ఎక్కాను.

"ప్లాట్ చూడనీకి వచ్చినవా అక్కా?" అన్నాడు డ్రైవర్.

"లేదన్నా, మన్ను చూడడానికి."

"మన్నుల ఏముంటది చూడనీకి!"

ఉంది మరి. రెండేళ్ల క్రితం మక్కచేనుకు కొట్టే గడ్డిమందు డబ్బా ఒరిగి, ఆ మూలంతా ఇంకిపోయింది. ఆనాటి నుంచి అక్కడ గింజ మొలవలేదు. ఆ మందులో నత్రజని ఉంటుంది. దానికోసమే మట్టిలోని బాక్టీరియా మందును ముక్కలు చేసి తింటాయి. ఈపాటికి చాలావరకు తినేసి ఉండాలి.

"అక్కా, ఇక్కడ ఏమైనా చల్లావా?" ఆ మూల నిలబడి సత్తెమ్మక్కను అడిగాను.

"చల్లిన! పంటకోపారి యూరియా, పిడికిళ్లకు పిడికిళ్లు. బీమారువడ్డ భూమి గదా, జర తాకతొస్తదని."

"అయ్యో! యూరియాలో తేరగా నత్రజని దొరికితే మట్టిలోని బాక్టీరియా మందు జోలికి ఎందుకు పోతాయి? బిర్యానీ ముందుంటే గటక ఎవరు తింటారు?"

"నత్రజని మన్నుకు బలమని అప్పుడు నువ్వే చెప్పినవ్ గదనే!"

చెప్పాను, నిజమే. సిగ్గుతో చచ్చిపోయాను.

అంతలో ఆ మూలలోనే ఉన్న మోటారు గది వెనక నుంచి బావ కేకేశాడు. ఆ గోడ చాటున, చల్లిన యూరియా పడని జానెడు చోట, పచ్చగా గరిక మొలిచింది. గడ్డి చావాలని మందు కొన్న సత్తెమ్మక్క గబగబా వచ్చి కూర్చొని దాన్ని వేళ్లతో నిమిరింది. కళ్లనిండా నీళ్లు. "సరే, వచ్చే వానకాలం దాక ఆగుదాం తీ," అన్నాడు బావ.

యూరియా ఆపి, మిగిలిన నత్రజని తగ్గేలా వరిగడ్డి, ఎండుటాకులు కలిపి దున్ని, తడి ఆరకుండా చూడమని చెప్పి మధ్యాహ్నం బస్సెక్కాను. సగం పాఠం చెప్పి వెళ్లిపోయిన పిల్లను ఆమె ఇన్నేళ్లూ చెల్లె అనే పిలిచింది. మీరూ ఇలాంటి చేను చూడబోతే రెండు చోట్ల మట్టి తెచ్చుకోండి: పాడైన చోటిది ఒకటి, ఎవరి చెయ్యీ పడని చోటిది ఒకటి. నేను రెండూ తెచ్చాను. గరిక మాత్రం ఒక్క పరకా తేలేదు. తెంపనిస్తేగా ఆమె!